రంగుల మాయాబజార్‌లో వెన్నెల ఎక్కడికి పోయింది?

వెన్నెలపిట్ట
శనివారం రాత్రి మా అమ్మాయికి మాయాబజార్ చూపించాను. పదేళ్ళ పిల్ల. నలుపు తెలుపు అంటే అయిదు నిమిషాలు కూడా కూర్చోదని భయపడి 2010లో వచ్చిన రంగుల ప్రతి పెట్టాను. కూర్చుంది, నవ్వింది, అంతా బాగానే సాగింది. "లాహిరి లాహిరి లాహిరిలో" అనే పడవ పాట రాబోతోందని తెలుసు కాబట్టి నేను సోఫాలో కాస్త ముందుకు జరిగాను.

నాకు వెన్నెల అంటే ఆ పాటే. చిన్నప్పుడు మా ఊళ్ళో వినాయక చవితి పందిరి పక్కన తెల్లగుడ్డ కట్టి ఈ సినిమా వేశారు. చవితి నాడు చంద్రుణ్ణి చూడకూడదని మా నాయనమ్మ నన్ను తల వంచుకోమని చెప్పి నడిపించుకు వెళ్ళింది. ఆకాశంలో చూడనివ్వని వెన్నెలనంతా తెర మీద చూశాను. ఒళ్ళు చల్లబడినట్టు ఇప్పటికీ గుర్తు.

పాట మొదలైంది. మా అమ్మాయి అడిగింది: "నాన్నా, వీళ్ళు మధ్యాహ్నం పూట పడవెక్కారేం? ఎండ కొట్టదా?"

ఏం చెప్పాలో తోచలేదు. టీవీలో రంగు సున్నాకు తగ్గించి చూశాను. బూడిద రంగు వచ్చింది కానీ వెన్నెల రాలేదు. అసలు ఆ వెన్నెల నిజంగా సినిమాలో ఉందా, లేక పాట విని నేను ఊహించుకున్నానా? సినిమా గురించి తెలిసినవాళ్ళు చెప్పండి. మనసులో ఒకటే గుంజాటనగా ఉంది.

నేలటిక్కెట్
చవితి నాడు వెన్నెల చూశారు కదా. ఆ దోషం ఊరికే పోతుందా? ఇన్నాళ్ళకు మీ చేత రంగుల ప్రతి మీద నీలాపనింద వేయించింది.

గిల్పం
పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? మా ఇంట్లో అయితే "ఎండలో పడవ ఎక్కితే నల్లబడతారు" అని మా అమ్మ కూడా వంత పాడేది.

డార్క్‌రూమ్
ఊహించుకోలేదు. ఉంది. నేను ముప్పై రెండేళ్ళు ఫోటో స్టూడియో నడిపాను, అందులో మొదటి పన్నెండేళ్ళు నలుపు తెలుపే. ఆ పాటను నేను కంటితో కాదు, చేత్తో చూస్తాను.

వెన్నెల్లో మీ ఇంటి పెరట్లో నిలబడి చూడండి. మీకు కనిపించేది చంద్రుడి వెలుతురు కాదు, ఆ వెలుతురు తగిలిన అంచులు. కొబ్బరాకు అంచు, బావి గిలక అంచు, ఎదుటి మనిషి జుట్టు చుట్టూ సన్నటి గీత. మిగిలినదంతా చీకటే. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ చేసింది అదే. కాంతిని ఎదుటి వైపు నుంచి, అంటే మనుషుల వెనక నుంచి రానిచ్చాడు. నీళ్ళు మెరుస్తాయి, నీళ్ళ మీద ఉన్నవి నీడల్లా నిలుస్తాయి. ముఖాలకు కావలసినంత మాత్రమే వెలుతురు, ఒక్క చుక్క ఎక్కువ లేదు.

పగలు తీసి రాత్రిలా చూపించే పద్ధతి కూడా అప్పట్లో అందరికీ తెలిసినదే. నలుపు తెలుపు ఫిల్మ్‌కు కటకం ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే నీలాకాశం నల్లగా దిగిపోతుంది. సూర్యుణ్ణి ఎదురుగా ఉంచుకుని, వెలుతురు తక్కువగా పడేట్టు తీస్తే సూర్యుడే చంద్రుడైపోతాడు. ఫ్రెంచివాళ్ళు దీన్ని "అమెరికా రాత్రి" అంటారు. అక్కడి దర్శకుడు త్రుఫో 1973లో ఆ పేరుతోనే ఒక సినిమా తీశాడు. కాబట్టి మీ అమ్మాయి "మధ్యాహ్నం" అన్నదంటే బార్ట్‌లీ తరం పట్టుబడటానికి భయపడిన చోటే పట్టుకుంది. చురుకైన పిల్ల.

నేలటిక్కెట్
డార్క్‌రూమ్ గారికి రెండు వీరతాళ్ళు.

లెక్కలమాస్టారు
ఇందులో ఒక చిక్కుంది. ఈ సినిమా వచ్చిన 1957లో తీసినవాళ్ళ ముందు రంగు, నలుపు తెలుపు అని రెండు దారులు ఉంటే, వాటిలో నలుపు తెలుపును ఎంచుకుంటే, అప్పుడు అది కళాత్మక నిర్ణయం. మొదటి పూర్తి నిడివి రంగుల తెలుగు సినిమా లవకుశ, అది వచ్చింది 1963లో. డబ్బు, సౌకర్యం లేక చేసినదాన్ని ఇప్పుడు మనం శైలి అని మెచ్చుకుంటున్నాం. లేమికి పట్టుబట్ట కట్టినట్టు.

డార్క్‌రూమ్
మాస్టారూ, మా అమ్మ దగ్గర తెల్లటి ముగ్గుపిండి ఒక్కటే ఉండేది. రంగులు కొనే స్తోమత లేదు. కానీ పేడతో అలికిన నేల ఎంత ఆరాక ముగ్గు వేయాలో ఆవిడకు తెలుసు. పచ్చిగా ఉంటే పిండి కరిగిపోతుంది, ఎండిపోతే గాలికి లేస్తుంది. రంగు లేదు కాబట్టి ఆలోచన కూడా లేదంటే నేను ఒప్పుకోను.

రంగులబాబు
నేను హైదరాబాద్‌లో సినిమాలకు రంగు సరిచేసే పని చేస్తాను. వెన్నెలపిట్ట గారు టీవీలో రంగు సున్నా చేసినా వెన్నెల ఎందుకు రాలేదో చెబుతాను.

నలుపు తెలుపులో బొమ్మ అంతా వెలుగు మెట్ల మీద నిలబడి ఉంటుంది. ముదురు నలుపు నుంచి తెలుపు దాకా ఎన్నో మెట్లు. రంగు అద్దేటప్పుడు ముదురు నలుపులో ఉన్న భాగం ఇబ్బంది పెడుతుంది. నలుపు మీద ఏ రంగు వేసినా నలుపే కదా. చీర కనిపించాలన్నా, చెట్లు పచ్చగా తెలియాలన్నా ఆ భాగాన్ని కొన్ని మెట్లు పైకి లాగాలి. లాగితే నీడలు పలచబడతాయి. ఆ తర్వాత మీరు రంగు తీసేసినా, పైకి లాగిన మెట్లు వెనక్కి దిగవు. ఇది ఏ ఒక్క సినిమా మీదా ఫిర్యాదు కాదు, ఆ పని స్వభావమే అంత.

రెండో చిక్కు: ఒకే వెలుగున్న ఎరుపు, పచ్చ నలుపు తెలుపులో ఒకేలా కనిపించగలవు. ఆ బూడిద వెనక అసలు ఏ రంగు ఉండేదో బొమ్మను చూసి చెప్పలేం. పైగా నలుపు తెలుపు రోజుల్లో సెట్లకూ దుస్తులకూ రంగులు ఎంచుకునేటప్పుడు అవి కంటికి ఎలా ఉన్నాయన్నది కాదు, ఫిల్మ్ మీద ఎలా పడతాయన్నదే చూసేవాళ్ళు. కళ్ళతో చూస్తే వికారంగా ఉన్న రంగు తెర మీద ముత్యంలా పడవచ్చు. ఇప్పుడు మేం అక్కడ మా ఇష్టం వచ్చిన రంగు వేస్తాం.

ఇంకో మాట. మీ టీవీ ఏ అమరికలో ఉంది? హాల్లో లైటు వెలుగుతోందా?

వెన్నెలపిట్ట
ఇప్పుడే చూశాను. "వివిడ్" అని ఉంది. లైటు కూడా వేసే ఉంది, మా అమ్మాయి చపాతీ తింటూ చూసింది.

నేలటిక్కెట్
అయితే నేరం చపాతీది. ఈ చర్చకు ఇక తాళం వేయవచ్చు.

రంగులబాబు
నవ్వులాటకు అన్నా అది నిజమే. దుకాణంలో పక్క టీవీ కంటే మెరవడానికి పెట్టే అమరిక అది. దానిలో ఏ సినిమా అయినా మిట్టమధ్యాహ్నమే. నేను మూడు రోజులు కూర్చుని చీకటిగా సరిచేసిన సన్నివేశాన్ని మా అత్తగారింట్లో టీవీలో చూసి గుర్తుపట్టలేకపోయాను.

పద్మప్రియ_విజయనగరం
నేను రంగుల ప్రతి పక్షం. మా అమ్మమ్మ 2010లో మాతో పాటు థియేటర్‌కు వచ్చింది. దారి పొడవునా సంబరం, "ఇన్నాళ్ళకు శశిరేఖ చీర రంగు తెలుస్తుందే" అని. నా పక్కన కూర్చుని సినిమా మొత్తం నవ్వింది, పద్యాలకు పెదవులు కదిపింది. బయటకు వచ్చాక మాత్రం చిన్నగా అంది: "చీర నేననుకున్న రంగు కాదే." ఏ రంగనుకున్నావు అమ్మమ్మా అంటే, "వంగపండు రంగు" అంది. అంతకుముందు ఆవిడ చూసినవన్నీ నలుపు తెలుపే! ఆ వంగపండు రంగు ఎక్కడి నుంచి తెచ్చుకుందో.

అయినా రంగు వేయకపోతే ఆవిడ ఆ రోజు థియేటర్‌కు వచ్చేదే కాదు. దాన్ని తక్కువ చేయకండి.

డార్క్‌రూమ్
పద్మప్రియ గారూ, మీరు రంగుల పక్షం అని మొదలుపెట్టి మా వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదన్నట్టు చెప్పారు.

పద్మప్రియ_విజయనగరం
అందుకే నాకు అందరూ బంధువులే.

సీతమ్మవాకిలి
వెలుతురు దగ్గరే ఆగిపోయారు. కథ చెప్పే తీరు కూడా చూడాలి. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు తెలుగు చెబుతాను. ఏడాదికొకసారి ఈ సినిమాలో ప్రియదర్శిని పేటిక సన్నివేశం చూపించి మాట్లాడిస్తాను.

ఎవరికి ఏది ప్రియమో ఆ పేటిక వారికి అది చూపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. బలరాముడికి దుర్యోధనుడు. రేవతికి నగలు. కృష్ణుడికి శకుని. చూడటానికి సరదా ఘట్టం. కానీ తర్వాత జరిగే కథంతా అప్పటికే మన ముందు పెట్టేశారు. బలరాముడు మేనల్లుడికి పిల్లనిస్తానన్న మాట ఎందుకు తప్పాడు? పేటికలో చూశాం. రేవతి, రాజ్యం పోయిన వాళ్ళ ఇంటికి పిల్లను ఎందుకు ఇవ్వనంటుంది? పేటికలో చూశాం. ఇంకెవరూ నిలబడి "వీడు అభిమానానికి లొంగుతాడు, ఈమెకు ఆశ ఎక్కువ" అని చెప్పనక్కర్లేదు. ఒక వస్తువు, నలుగురు మనుషులు, నాలుగు ముఖాలు.

గిల్పం
కృష్ణుడికి శకుని ప్రియమైనవాడేమిటి? అది నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

సీతమ్మవాకిలి
మా తరగతిలో ఒక పిల్లవాడు చెప్పిన జవాబు: "మనకు ఇష్టమైనవాళ్ళే కాదు టీచర్, పరీక్షల ముందు లెక్కల పుస్తకం కూడా కల్లోకి వస్తుంది కదా." ఎవరి మీద మనసు నిలబడి ఉందో వాళ్ళు కనిపిస్తారని వాడి సిద్ధాంతం. ఇంకో అమ్మాయి, కురువంశ నాశనానికి శకునే కదా పనిముట్టు, ఆ పని జరిపించేవాడికి పనిముట్టు ప్రియమే అంది. రెండిటికీ పూర్తి మార్కులు వేశాను.

లెక్కలమాస్టారు
లెక్కల పుస్తకం ప్రస్తావన నా మీద విసురు కాదనుకుంటాను.

సరే, అసలు మాటకు వస్తాను. ఇలా తవ్వుకుంటూ పోతే దేనికైనా అర్థం దొరుకుతుంది. నా చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు ఒక పద్యంలో "తెల్లని" అన్న మాటకు గంటసేపు అర్థం చెప్పారు. కవికి అక్కడ మూడక్షరాలు కావలసి వచ్చిందేమో! దర్శకుడు కె.వి.రెడ్డి పేటిక గురించి ఇంత అనుకున్నాడని ఎలా చెబుతారు?

కత్తెర
మాస్టారూ, ఇది మీకు నచ్చే సంగతి. కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి సన్నివేశం ఎంతసేపు ఉండాలో షూటింగ్‌కు ముందే లెక్కగట్టేవారు. ఎంత అనుకున్నారో దాదాపు అంతే తీసేవారు. నిమిషాలూ సెకన్లూ లెక్కపెట్టిన మనిషి నలుగురికి నాలుగు వేరు వేరు బొమ్మల్ని పేటికలో ఊరికే పెట్టి ఉంటారా?

లెక్కలమాస్టారు
స్టాప్‌వాచ్ సంగతికి ఒప్పుకుంటాను. నిడివి లెక్క వేరు, అర్థం లెక్క వేరు.

కత్తెర
నేను ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను, కాబట్టి నాకు తెలిసిన ఒక ప్రయోగం చెబుతాను. 1920 ప్రాంతంలో రష్యాలో కులెషోవ్ అనే ఆయన ఒకే నటుడి ముఖాన్ని, ఒకే ముక్కను, మూడు చోట్ల వాడాడు. ఒకసారి దాని పక్కన సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ. చూసినవాళ్ళు ఆ నటుడు ఆకలినీ దుఃఖాన్నీ కోరికనూ ఎంత బాగా పలికించాడో అన్నారట. ముఖం మారలేదు, పక్కన పెట్టిన బొమ్మ మారింది.

ప్రియదర్శిని అదే పని కథలోపలే చేస్తుంది. ముఖం చూపిస్తారు, లోపల ఏముందో చూపిస్తారు, మళ్ళీ ముఖం. రెండోసారి చూసిన ముఖం మొదటి ముఖం కాదు. మేం తరగతిలో మా వార్డెన్ ఫోటో పక్కన ఇడ్లీ ఫోటో పెట్టి ఈ ప్రయోగం చేశాం. పనిచేసింది. వార్డెన్ గారు మొట్టమొదటిసారి మనిషిలా కనిపించారు.

నేలటిక్కెట్
మా ఆఫీసులో పై అధికారి ఫోటో పక్కన ఏం పెడితే మనిషిలా కనిపిస్తాడో చెప్పండి.

కత్తెర
సెలవు చీటీ, సంతకంతో సహా.

ఫ్రిస్కో_నాన్న
నాది టెక్సస్‌లో ఫ్రిస్కో. ఇక్కడ పుట్టిన ఇద్దరు మగపిల్లలు. మీరెవరూ అనని మాట ఒకటి అంటాను. ఈ సినిమాలో పాండవులు ఒక్కరు కూడా తెర మీద కనిపించరు. మా పెద్దవాడు సగం సినిమా అయ్యాక అడిగాడు: "అందరూ వాళ్ళ గురించే మాట్లాడుతున్నారు, వాళ్ళెప్పుడు వస్తారు?" రారురా అంటే వాడికి కోపం వచ్చింది, మోసం చేసినట్టుగా.

నాకు తెలిసినవాళ్ళు దీన్ని గొప్ప ప్రయోగం అంటారు. నాకు మాత్రం, భారతం ముందే తెలిసినవాళ్ళకు మాత్రమే పనిచేసే ప్రయోగం అనిపిస్తుంది. తెలియనివాడికి అది ఖాళీ కుర్చీ.

సీతమ్మవాకిలి
ఖాళీ కుర్చీ అన్నారే, అదే సరైన మాట. పెళ్ళిలో పెద్దాయన కుర్చీ ఖాళీగా ఉంటే భోజనాల దాకా అందరి చూపూ దాని మీదే ఉంటుంది. రాజ్యం పోయినవాళ్ళు కథలో నుంచి కూడా పోయారు. వాళ్ళ పిల్లవాడు, వాళ్ళ పరువు, వాళ్ళకిచ్చిన మాట మాత్రం ఇక్కడ మిగిలాయి. వాళ్ళు ఒక్కసారి కనిపించినా కథ అరణ్యవాసం వైపు జారిపోయేది, మనకు జాలి పుట్టేది. ఇది పెళ్ళి కథ. జాలిని వాకిలి బయట ఆపారు.

మీ అబ్బాయికి కోపం వచ్చిందంటే ఆ లేకపోవడం వాడికి కూడా తగిలినట్టే కదా.

ఫ్రిస్కో_నాన్న
తగలడం వేరు, అర్థం కావడం వేరు. నాకు ఇప్పటికీ సందేహమే. కానీ చిన్నవాడు ఘటోత్కచుడు పెద్దవాడై వంటకాలన్నీ ఊడ్చేసే పాటను ఇరవై సార్లు పెట్టించుకున్నాడు. వాడికి భారతం రాదు, తెలుగు సగమే వస్తుంది.

గిల్పం
ఆ పాట అర్థం కావడానికి ఆకలి ఉంటే చాలు, భాష అక్కర్లేదు.

వాణి_కాకినాడ
సావిత్రి గారి గురించి ఎవరూ ఎత్తలేదేమిటి? నాకు సినిమా అంటే ఆవిడే. తెర మీద ఉన్నది శశిరేఖ ముఖం, శశిరేఖ నగలు, లోపల ఉన్నవాడు ఘటోత్కచుడు. ఎవరైనా చూస్తున్నప్పుడు సిగ్గు, చూడనప్పుడు ఛాతీ విరుపు. నడకలో ఒక అడుగు ఆడపిల్లది, రెండో అడుగు రాక్షసుడిది. "అహ నా పెళ్ళియంట" పాటలో సుశీల గారి గొంతు నడుస్తుండగా ఘంటసాల గారి గొంతు దూకుతుంది చూడండి, అక్కడ కెమెరా ఏ గారడీ చేయనక్కర్లేదు. ఒక్క శరీరంలో ఇద్దరున్నారని చెవి చెబుతుంది, కన్ను ఒప్పుకుంటుంది.

మా అక్క పెళ్ళిలో పీటల మీద బావగారి కాలు తొక్కి "మాయా శశిరేఖను" అంది. ఆయన ఈ సినిమా చూడలేదు. మూడు రోజులు కుంటాడు, ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాడు.

డార్క్‌రూమ్
గొంతు మాట వచ్చింది కాబట్టి. సత్యజిత్ రాయ్ బెంగాలీ సినిమా పథేర్ పాంచాలిలో తండ్రి ఊరి నుంచి తిరిగి వస్తాడు, కూతురు పోయిన సంగతి తెలియదు, ఆమె కోసం తెచ్చిన చీర చూపిస్తాడు. తల్లి బావురుమంటుంది. కానీ మనకు ఆమె ఏడుపు వినిపించదు, తార్ షెహనాయి, అంటే షెహనాయిలా మోగే తీగల వాద్యం, వినిపిస్తుంది. నోరు తెరిచి ఉంది, వాద్యం ఏడుస్తోంది. 1955లో వచ్చిన ఆ సినిమాలో ఆ నిమిషం చూశాక నేను మళ్ళీ మామూలుగా షెహనాయి వినలేకపోయాను. పెళ్ళి ఫోటోలు తీసే వృత్తిలో అది ఎంత ఇబ్బందో ఆలోచించండి.

నేలటిక్కెట్
డార్క్‌రూమ్ గారూ, ఇంతసేపూ నవ్విస్తారనుకుని చదువుతున్నాను. ఇలా దెబ్బ కొడతారనుకోలేదు.

రంగులబాబు
వెన్నెల దగ్గరకు మళ్ళీ వస్తాను. ఈ రోజుల్లో ఏ సినిమాలో అయినా రాత్రి అంటే నీలం. మా దగ్గరకు వచ్చేవాళ్ళు "రాత్రి కదా, కాస్త నీలం పోయండి" అంటారు, ఉప్మాలో నీళ్ళు పోసినట్టు. దీనికి శాస్త్రం కొంత ఉంది. చీకటి పడుతుంటే మన కన్ను ఎరుపును ముందు వదిలేస్తుంది, నీలం ఆకుపచ్చలను ఇంకాసేపు పట్టుకుంటుంది. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో గమనించాడు. మీ పెరట్లో మందార చెట్టు ఉంటే సాయంత్రం చూడండి. మధ్యాహ్నం భగ్గుమన్న పువ్వు నల్లబడిపోతుంది, ఆకులు మాత్రం ఇంకా తెలుస్తూ ఉంటాయి.

అయితే పాపం, అందరూ నీలమే పోయడంతో ఇప్పుడు నీలం చూస్తే వెన్నెల గుర్తు రావడం లేదు, సినిమా రాత్రి గుర్తొస్తోంది. బార్ట్‌లీకి ఆ సౌకర్యం లేదు. ఉన్నదల్లా నలుపూ తెలుపూ, మధ్యలో మెట్లు. దేన్ని చీకట్లో వదిలేయాలన్నదే ఆయన పని.

వెన్నెలపిట్ట
ఇప్పుడే బయటకు వెళ్ళి మందార చెట్టు చూసి వచ్చాను. నిజం. మా ఆవిడ "చీకట్లో చెట్టు దగ్గర ఏం చేస్తున్నారు" అని అడిగితే శాస్త్రం అన్నాను. నమ్మలేదు.

సీతమ్మవాకిలి
పడవ పాట గురించి ఒక చిన్న సంగతి. ఆ వెన్నెల్లో పడవెక్కేది శశిరేఖా అభిమన్యులు మాత్రమే కాదు. కృష్ణుడూ రుక్మిణీ, బలరాముడూ రేవతీ కూడా వస్తారు. ఆ వెలుతురు అందరి మీదా ఒకేలా పడుతుంది. పిల్లల పెళ్ళి చెడగొట్టబోయే తల్లిదండ్రుల మీద కూడా. వాళ్ళను దుర్మార్గులుగా చూపించాలనుకుంటే ఆ పాటలో చోటు ఇచ్చేవారు కాదు. అందుకే తర్వాత బలరాముడి మీద మనకు కోపం వస్తుంది కానీ ద్వేషం రాదు.

కత్తెర
ఇది నేను ఎప్పుడూ గమనించలేదు. నేను చూసినది చివర్లో. ఇటు మాయామహల్‌లో తోరణాలు, సింహాసనాలు, విందు, వాద్యాలు. అటు అడవిలో ఆశ్రమం. ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తారు. అట్టహాసం ఉన్న చోట పెళ్ళి అబద్ధం, ఆడంబరం లేని చోట పెళ్ళి నిజం. ఏ పాత్రా ఈ మాట అనదు. కత్తిరింపు అంటుంది.

డార్క్‌రూమ్
కళాదర్శకులు గోఖలే, కళాధర్ ఇద్దరికీ ఆ ఘనతలో వాటా ఇవ్వాలి. మాయామహల్ కాస్త ఎక్కువ నున్నగా, ఎక్కువ మెరుస్తూ ఉంటుంది. నా అనుమానం ఏమిటంటే, కంబళి గింబళి అయిపోతుందనీ తల్పం గిల్పం అయిపోతుందనీ మనం ముందే సిద్ధపడటానికి ఆ నునుపే కారణం. ఇంత అందంగా ఉన్నది ఏదో చేయబోతోంది అనిపిస్తుంది.

గిల్పం
ఎట్టకేలకు నా పేరు వచ్చింది. ధన్యుణ్ణి.

లెక్కలమాస్టారు
ఆదివారం మళ్ళీ చూశాను. నలుపు తెలుపు ప్రతి. మీ అందరితో వాదించడానికి సరుకు కోసమే చూశాను, ముందే చెబుతున్నాను.

కాగితం మీద రెండు గడులు గీశాను. ఒకదానిలో నిజం తెలిసినవాళ్ళు, ఇంకోదానిలో తెలియనివాళ్ళు. సన్నివేశం మారినప్పుడల్లా పాత్రలను అటూ ఇటూ జరుపుతూ పోయాను. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తినప్పటి నుంచి శకుని సత్యపీఠం ఎక్కి ఉన్నదున్నట్టు కక్కేదాకా కథంతా గడులు మారడమే. ఒక్క పేరు మాత్రం మొదటి గడి నుంచి కదలలేదు. ప్రేక్షకుడు. మనకు తెలియకుండా దర్శకుడు ఏ మాయా చేయలేదు. మొత్తం సినిమా మాయ గురించి, మన మీద మాత్రం ప్రయోగించలేదు.

మనకు తెలియకపోతే మాయా శశిరేఖ చేష్టలు వింతగా ఉండేవి, నవ్వు వచ్చేది కాదు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే ఉత్కంఠ, చెప్పకపోతే ఒక్క క్షణం ఉలికిపాటు అని హిచ్‌కాక్ అనేవాడని ఎక్కడో చదివాను. ఇక్కడ బాంబు బదులు పెళ్ళికూతురు.

దర్శకుడు ఇలా అనుకునే చేశాడా అన్న నా ప్రశ్న అలాగే ఉంది. కానీ గడి ఎక్కడా తప్పలేదు. నేను రెండుసార్లు సరిచూశాను.

సీతమ్మవాకిలి
మాస్టారూ, మీ కాగితం ఫోటో తీసి పెట్టండి. మా తొమ్మిదో తరగతికి చూపిస్తాను.

లెక్కలమాస్టారు
అక్షరాలు బాగుండవు. తిరిగి రాసి పెడతాను.

ఫ్రిస్కో_నాన్న
"మన మీద మాత్రం ప్రయోగించలేదు" అన్నది మా పెద్దవాడికి చెప్పాను. "మరి పాండవుల సంగతి?" అన్నాడు. వాడు మీ పక్షం, మాస్టారూ, రాజీపడడు.

వెన్నెలపిట్ట
నిన్న రాత్రి మళ్ళీ ప్రయత్నించాను. టీవీ అమరిక మార్చాను, హాల్లో లైటు ఆపాను, చపాతీలు ముందే అయిపోయాయి. నలుపు తెలుపు ప్రతి. మా అమ్మాయి "మళ్ళీనా" అని సణిగింది. పాట ఒక్కటే చూద్దాం అని కూర్చోబెట్టాను. ఏమీ చెప్పలేదు, ఏమీ అడగలేదు, వెన్నెల అన్న మాటే ఎత్తలేదు.

పాట సగంలో నా వైపు జరిగి, కాళ్ళు ముడుచుకుని, "నాన్నా, చల్లగా ఉంది, ఫ్యాన్ తగ్గించు" అంది.

డార్క్‌రూమ్
ఆ పిల్ల చిరునామా ఇవ్వండి, నా పాత కెమెరా పంపిస్తాను. వద్దు, ఇక్కడ ఇవ్వకండి. మా ఆవిడ కూడా ఈ చర్చ చదువుతోంది, ఆ కెమెరా మా మనవడికి ఇస్తానని మాట ఇచ్చాను.

పద్మప్రియ_విజయనగరం
బలరాముడిలా మాట తప్పకండి.

లెక్కలమాస్టారు
ఒక్క సందేహం. శనివారం కంటే నిన్న ఫ్యాన్ ఎక్కువ వేగంలో ఉందేమో? అది చూడకుండా ఏమీ తేల్చలేం.

వెన్నెలపిట్ట
నిన్న మూడు మీద ఉంది మాస్టారూ. శనివారం కూడా మూడే. మా ఇంట్లో రెగ్యులేటర్ మూడు దగ్గర ఇరుక్కుపోయి రెండేళ్ళయింది.